స్కేలు పెట్టి చింపిన పేరు

కరీంనగర్ నుంచి ఖానాపూర్ వెళ్ళే బస్సు కోరుట్ల దాటిందో లేదో, కిటికీలోంచి వడ్ల దుమ్ము లోపలికి కొట్టింది. యాసంగి కోతలు. రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోశారు, బస్సు మిగతా సగంలో ఒళ్ళు దగ్గర పెట్టుకుని పోతోంది. నా ముక్కుకు డెబ్బై నాలుగేళ్ళు. ఫినాయిల్ వాసనకూ అత్తరు వాసనకూ తేడా చెప్పలేని స్థితికి వచ్చింది గానీ, వడ్ల దుమ్మును మాత్రం ఇట్టే పట్టేస్తుంది. ముందు గొంతులో గరగర, తర్వాత మెడ మీద దురద. ఏటవాలు ఎండ ఆ దుమ్ములోంచి కర్రలా నిలబడింది. ఆ వాసనకు మార్త మేడం గుర్తుకొచ్చిందంటే అబద్ధం అవుతుంది. నేను వెళ్తున్నదే ఆమె సంస్మరణ కూడికకు. ఆ వాసనకు నాకు గుర్తొచ్చింది ఒక చీమ. చీమ సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందు నా సంగతి. పెద్దపల్లి జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకుంటూ బతికిన మనిషి, ఎవరి సహాయమూ లేకుండా, చచ్చిపోతున్న నక్షత్రం నడిబొడ్డులోంచి బయల్దేరిన వెలుతురును చుట్టూ ఉన్న దుమ్ము ఎలా కప్పేస్తుందో లెక్కగట్టి తేల్చాడంటే మీరు నమ్ముతారా? నమ్మాలి. యూనివర్సిటీ వాళ్ళు అచ్చువేసిన సంపుటిలో నలభై పేజీల పేపరుంది, దాని నెత్తిన నా పేరుంది. నేను దాన్ని చదివిన రోజు ప్రొఫెసర్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. దేశదేశాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఈ ముక్క ముప్పై ఏళ్ళుగా పెళ్ళి పందిళ్ళలో, బస్టాండుల్లో, ఆసుపత్రి బెంచీల మీద చెబుతూనే ఉన్నాను. ఇందులో చాలా భాగం నిజం కాదు. అయినా ఇక్కడ దాన్ని తుడవడం లేదు. తుడవకూడదని నాకు నేర్పిన మనిషి గురించే ఈ రాత.

ఆమె నాకు తగిలిన మొదటి రోజు చెబుతాను. నేను కొత్తగా చేరాను. తండ్రి తాతల నాటి పొలాలున్న ఇంటి నుంచి వచ్చినవాణ్ణి, ఇస్త్రీ చొక్కా, గట్టి గొంతు, చాలినంత పొగరు. బ్లాక్ హోల్ గురించి క్లాసులో పూనకం వచ్చినట్టు చెబుతున్నాను. "అది అన్నిటినీ పీల్చేసుకుంటుంది. మన సూర్యుడు బ్లాక్ హోల్ అయిపోతే భూమి మరునాటికి అందులో ఉంటుంది" అన్నాను. పిల్లలు నోళ్ళు తెరిచారు. తలుపు దగ్గర, చేతినిండా చాక్‌పీసు పొడితో, పక్క క్లాసుకు వెళ్ళాల్సిన లెక్కల మేడం నిలబడి వింటోంది. పొట్టి మనిషి, నూలు చీర, తలకు నూనె. గంట కొట్టాక వరండాలో అడిగింది.

"సార్, సూర్యుని జాగాల గంతే బరువున్న బ్లాక్ హోల్ పెడితే భూమికి ఏమైతది?"

"గుంజుకుంటది."

"ఎందుకు గుంజుకుంటది? బరువు గంతే, దూరం గంతే. భూమి ఎట్ల తిరిగేదో గట్లనే తిరుగుతది. చీకటైతది, సల్లబడుతది. గంతే."

నాకు చెవులు ఎర్రబడ్డాయి. లెక్కల టీచరు, అందులోనూ చర్చికి పోతుందని స్టాఫ్‌రూంలో అందరూ 'మిషన్ మేడం' అని వెటకారంగా పిలిచే మనిషి, నాకు ఫిజిక్స్ చెప్పడమా? "రేపు చూసి చెప్త" అన్నాను. ఆమె కదల్లేదు. "నాకు చెప్పుడెందుకు సార్? పిల్లలకు చెప్పుండ్రి. గదే క్లాసుల, గదే బోర్డు మీద. చెప్పిన చోటనే దిద్దాలె. మీ పరువేం పోదు."

తప్పు దిద్దడంలో ఆమెకు ఒక పద్ధతి ఉండేది. బోర్డు మీద లెక్క తప్పితే డస్టర్ ముట్టదు. తప్పు మీద ఒక గీత కొట్టి, పక్కన ఒప్పు రాస్తుంది. "తుడిస్తే ఏడ తప్పినమో తెల్వది, రేపు మళ్ళ గక్కడనే తప్పుతం" అనేది. క్లాసు అయిపోయేసరికి ఆమె బోర్డు గీతలతో నిండి ఉండేది, తర్వాతి మాస్టరు తుడవలేక తిట్టుకునేవాడు. ఎనిమిది రోజులు ఆమెకు మొహం చాటేసి, తొమ్మిదో రోజు అదే క్లాసులో బోర్డు మీద 'భూమి పడిపోతుంది' అని రాసి, గీత కొట్టి, పక్కన 'పడదు' అని రాశాను. పిల్లలు నవ్వారు. పరువు పోలేదు. నేను ఉద్యోగం నేర్చుకున్నది ఆ రోజే.

ఆమె బాపు ఖానాపూర్ పక్కన పరుల పొలాల్లో కూలి చేసినవాడు. ఆదివారం మెథడిస్టు చర్చిలో ముందు వరుస, సోమవారం మోకాలి లోతు బురద. ఆ ఇంటి నుంచి ఆమె హైదరాబాద్ దాకా వెళ్ళి, ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ సమీకరణాల మీద పరిశోధన మొదలుపెట్టి, తల్లి మంచాన పడితే వదిలేసి వచ్చి, ఉద్యోగంలో చేరింది. వదిలేసింది అన్నది కాగితం మీద. లెక్కను మాత్రం వెంట తెచ్చుకుంది. పాత ప్రశ్నపత్రాల వెనక తెల్లగా ఉన్న వైపు, సన్నటి అక్షరాలతో, పదకొండేళ్ళు దాన్నే చేసింది.

ఎప్పుడు చేసిందో నాకిప్పటికీ అర్థం కాదు. ఎందుకంటే ఆ కాలేజీ ఆమెను ఒక్క గంట ఖాళీగా కూర్చోనివ్వలేదు. ఓటర్ల జాబితా వస్తే మార్త మేడం. జనాభా లెక్కలు వస్తే మార్త మేడం. ఇన్విజిలేషన్ చార్టు, సర్టిఫికెట్ల మీద పేర్లు, పెద్దాఫీసరు వస్తే స్వాగతపు అట్ట, అన్నీ మార్త మేడమే, ఎందుకంటే చేతిరాత బాగుంటుందట! పెళ్ళి కాలేదు కాబట్టి ఇంట్లో పనేముంటుందట! ఆ మాట అన్నవాళ్ళు నలభై నిమిషాల క్లాసు చెప్పి, మిగతా రోజంతా వరి ధరల గురించి మాట్లాడుకునే మగ మహారాజులు. ఇప్పుడు ఇది రాస్తుంటే నాకు పళ్ళు కొరుక్కోవాలనిపిస్తోంది, ఉన్నవి తక్కువ కాబట్టి ఊరుకుంటున్నాను. ఆ మహారాజుల్లో నేనూ ఒకణ్ణి. ఓటర్ల జాబితా నా వంతు వచ్చినప్పుడు రెండుసార్లు ఆమెకే అంటగట్టాను.

ఇక ఆ లెక్క ఏమిటో చెప్పాలి. అర్థం కాకపోతే తప్పు నాది, ఆమె చెప్పినప్పుడు వీధిలో వడ్లు పోసే ఆడవాళ్ళకు కూడా అర్థమైంది. పెద్ద నక్షత్రం ఇంధనం అయిపోయి తన బరువు కిందే కూలుతుంది. దాన్ని లెక్కగట్టడానికి, లోపల ఒత్తిడి అంటూ లేని ఉత్త దుమ్ము ముద్ద అనుకుంటారు. ఆ శాస్త్రంలో ఆ పదార్థానికి పేరే దుమ్ము. నడిమధ్యలో అది అంతులేకుండా చిక్కబడి, సమీకరణాలు చేతులెత్తేసే చోటు ఒకటి పుడుతుంది. దాన్నే సింగ్యులారిటీ అంటారు. మామూలుగా దాని చుట్టూ ఒక హద్దు ఏర్పడుతుంది, ఆ హద్దు లోపల్నుంచి వెలుతురు కూడా బయటికి రాదు. అదే బ్లాక్ హోల్. హద్దు ఏర్పడకముందే మధ్యలో ఆ చోటు పుడితే? అక్కడి నుంచి వెలుతురు బయల్దేరుతుంది. మూత లేని ఆ చోటును నగ్న సింగ్యులారిటీ అంటారు. ప్రకృతి అలాంటిదాన్ని బయటపడనిస్తుందా లేదా అన్న దాని మీద పెద్దల మధ్య వాదన ఇప్పటికీ తెగలేదు. మార్త మేడం అడిగిన ప్రశ్న వేరు. వెలుతురు బయల్దేరింది, సరే. చుట్టూ ఉన్న దుమ్ము దాటి బయటిదాకా వస్తుందా?

ఇదుగో, చీమ ఇక్కడ వస్తుంది. కాలేజీ ముందు రోడ్డు మీద రైతులు వడ్లు ఆరబోసేవారు. ఒక సాయంత్రం రాజవ్వ అనే రైతు కూతుళ్ళతో కలిసి తట్టలతో కుప్ప పోస్తోంది. మార్త మేడం కొంగు బిగించి, కుప్ప మధ్యలో గుంట చేసి, ఒక గండు చీమను అందులో వదిలింది.

"ఏంది మేడం, వడ్లల్ల చీమలు పెంచుతున్నరా?" అంది రాజవ్వ.

"ఆగు రాజవ్వ, సారుకు జర ఒక ముచ్చట చూపెట్టాలె. నాలుగు తట్టలు పొయ్యి."

నాలుగు తట్టలు పోశారు. కాసేపటికి చీమ గింజల సందుల్లోంచి పైకి వచ్చింది. ఆమె దాన్ని పట్టి, మళ్ళీ అదే గుంటలో, అదే లోతులో పెట్టింది. "ఇప్పుడు ఆపకుండ పొయ్యుండ్రి." ముగ్గురు ఆడవాళ్ళు తట్ట మీద తట్ట పోశారు. మేము ముగ్గురు నలుగురం నిలబడి చూశాం. చీమ రాలేదు.

"సార్, రెండుసార్లు గూడ నడిమి భాగం ఒక్కటే," అంది మార్త మేడం. "గదే చీమ, గదే గుంట. తేడా ఎక్కడున్నది?"

నేను ఏదో పెద్ద మాట వెతుకుతున్నాను. రాజవ్వ తట్ట దించి జవాబు చెప్పేసింది. "చీమది తప్పేముంది మేడం? అది నడుస్తనే ఉంటది. మేం పోసుడు ఆపలే."

"గదే లెక్క!" అని మార్త మేడం చప్పట్లు కొట్టింది. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. "నడుమ నుంచి బయలెల్లిన వెలుతురు మంచిగనే వస్తుంటది. బయట పొరలల్ల బరువు ఎక్కువుంటే, అంచు దాకా రాకముందే హద్దు వచ్చి దాన్ని పట్టుకుంటది. లోపల దుమ్ములున్నోళ్ళకు అది కనబడుతది సార్, బయటోళ్ళకు ఎన్నడూ కనబడది. బయటోళ్ళు ఏమంటరు? లోపల ఏం లేకుండె అంటరు."

నడిమధ్య అంతా ఒకేలా ఉన్న రెండు దుమ్ము ముద్దలు తీసుకుని, ఒకదాంట్లో వెలుతురు బయటపడుతుందనీ రెండోదాంట్లో పడదనీ, తేడా అంతా చుట్టూ ఉన్న పదార్థం పరుచుకున్న తీరులోనే ఉందనీ ఆమె పద్నాలుగు పేజీల్లో చూపించింది. అవును, పద్నాలుగు. మొదట్లో నలభై అన్నాను. గీత కొట్టుకోండి.

ఆ ఏడు యూనివర్సిటీలో సెమినార్ పెట్టి, కాలేజీ లెక్చరర్లను కూడా పేపర్లు పంపమన్నారు. ప్రిన్సిపాల్ సంతకంతో పంపాలి. ఆమె ఫెయిర్ కాపీ తీసుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్ళినప్పుడు నేను అక్కడే సెలవు చీటీ కోసం నిలబడి ఉన్నాను. ఆయన మొదటి పేజీ చూసి కళ్ళజోడు తీశాడు.

"నువ్వు మ్యాథ్స్. ఇది నక్షత్రాల ముచ్చట. మా ఫిజిక్స్ సార్లు సచ్చిపోయిన్రా?"

"లెక్కనే సార్ ఇది."

"గీ 'నేకెడ్' ఏందమ్మా? కాలేజీ ముద్ర గుద్ది గిసొంటిది పంపాల్నా? చర్చికి పోయేదానివి."

"మూత లేనిది అని సార్ దానర్థం."

"లేకుంటే మూత పెట్టు. పోయి ఇన్విజిలేషన్ చార్టు సంగతి చూడు. సెమినారట!"

ఆమె కాగితాలు సర్దుకుని బయటికి వచ్చింది. నేను నా సెలవు చీటీ ముందుకు తోశాను. దాని మీద ఆయన నవ్వుతూ సంతకం పెట్టాడు, మా నాయన ఎలా ఉన్నాడని కూడా అడిగాడు. మరునాడు ఆమే నా దగ్గరికి వచ్చింది. "ఫిజిక్స్ నుంచి పోతే సంతకం పెడుతడట సార్. మీరు కవరింగ్ లెటర్ పెట్టి పంపండ్రి. పేపరు మీద నా పేరు ఉండనే ఉన్నది." అలాగే జరిగింది. నా లెటరును ఆయన చదవకుండానే సంతకం పెట్టాడు. అదే పేపరు, అదే 'నేకెడ్', అదే ముద్ర! ఇది తలచుకుంటే ఇప్పటికీ ఎవరి చొక్కా పట్టుకోవాలో తెలియదు.

ఇప్పుడు నా ఘనకార్యం. మాకు ప్రతి వేసవిలో కరీంనగర్‌లో స్పాట్ వాల్యుయేషన్ ఉండేది. ఇంటర్ పిల్లల జవాబు పత్రాలు దిద్దే పని. అందులో నాది కోడింగ్. జవాబు పత్రం పై భాగంలో పిల్లవాడి వివరాలుండే చీటీని స్టీలు స్కేలు ఆనించి చింపి, పత్రం మీదా చీటీ మీదా ఒకే నంబరు వేయాలి. ఎవరు రాశారో దిద్దేవాడికి తెలియకూడదు. మార్కులు వేశాక నంబరు చూసి పేరు మళ్ళీ కలుపుతారు. నేను ఆ పనిలో మొనగాణ్ణి. అంచు బ్లేడుతో కోసినట్టు వచ్చేది. ఆ పద్ధతి మీద మా లెక్చరర్లందరికీ చెప్పలేనంత నమ్మకం. పేరు కనబడకపోతే న్యాయం జరుగుతుందని.

ఆమె ఫెయిర్ కాపీ నా బల్ల మీద ఉంది. పై కుడి మూలన, జవాబు పత్రం మీద రాసినట్టే, నీలి సిరాతో 'కె. మార్త, మ్యాథ్స్ లెక్చరర్'. జూనియర్ కాలేజీ, లెక్కల టీచరు, మిషన్ పేరు, ఆడమనిషి. యూనివర్సిటీ వాళ్ళు ఇది చూస్తే రెండో పేజీ తిప్పుతారా అనుకున్నాను. పేరు లేకపోతే లెక్కను చూడాల్సి వస్తుంది కదా. ఫలితం వచ్చాక పేరు కలుపుదాం. స్పాట్‌లో చేసేది అదే కదా. స్కేలు ఆనించాను. చింపాను. అంచు చక్కగా వచ్చింది.

ఇందులో దురుద్దేశం లేదు, ఈ ఒక్క ముక్క నిజం. ఆ తర్వాతి ముక్కలే బాగుండవు. యూనివర్సిటీలో కవరింగ్ లెటర్ మీద ఉన్న పేరే చూశారు. పేపరు అంగీకరించామని నా పేరున ఉత్తరం వచ్చింది. రాసినవాళ్ళు ఫలానా అని ఒక కార్డు ముక్క రాస్తే సరిపోయేది. 'వెళ్ళాక చెబుదాం' అనుకున్నాను. వెళ్ళాను. వెళ్ళాక, చదివేశాక చెబుదాం అనుకున్నాను. చదివాను. ప్రొఫెసర్లు లేచి నిలబడిన మాట నిజమే, భోజనాల వేళ అయింది. ఒకాయన మాత్రం కూర్చునే అడిగాడు. "మీ దుమ్ముకు ఒత్తిడి లేదన్నారు. నిజం నక్షత్రానికి ఉంటుంది కదా, అప్పుడు?" రాతపూర్వకంగా జవాబిస్తానన్నాను. వచ్చి మార్త మేడంను అడిగాను. ఆమె రెండు రోజులు చూసి అంది, "తెల్వదు అని రాయండ్రి సార్. ఒత్తిడి లేకుంటే గిది. ఉంటే ఏమైతదో నాకింకా తెల్వదు." అంతకుముందు నా జీవితంలో నేను ఎక్కడా 'తెలియదు' అని సంతకం చేసి రాయలేదు. రాశాను. నిజాయితీ గల జవాబు అని ఆయన నన్ను మెచ్చుకుంటూ రాశాడు. నన్ను! దేశదేశాల ఉత్తరాలన్నాను కదా, ఇది కాక మరొకటే వచ్చింది. హనుమకొండ నుంచి ఒక కార్డు, ఏడో పేజీలో ప్లస్ గుర్తు అచ్చుతప్పు అని.

సంపుటి నా పేరుతో అచ్చయి వచ్చింది. ప్రిన్సిపాల్ కాలేజీ హాల్లో సభ పెట్టాడు. మూత పెట్టమన్న మనిషే మైకు ముందు "మన కాలేజీ పేరు నక్షత్రాల దాకా పోయింది" అన్నాడు. స్వాగతపు అట్ట మీద నా పేరు ముద్దుగా, గుండ్రంగా ఉంది. ఎవరు రాశారో చెప్పాలా? నాకు శాలువా కప్పారు. మార్త మేడం రెండో వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. ఆ హాల్లో ఉన్న ప్రతి మనిషి మీదా ముప్పై ఏళ్ళుగా నాకు కోపం. ఆమె పద్నాలుగు పేజీల మీద తట్ట తట్ట పోసినవాళ్ళే అందరూ. కోపం నిజమే గానీ, శాలువా ఎవరి భుజాల మీద ఉందో కూడా రాయాలి కదా. ఆఖరి తట్ట నాది. ఆ సాయంత్రం వరండాలో ఆమె ఎదురుపడితే నేను నోరు తెరిచేలోపే అంది, "పర్వాలేదు సార్. లెక్క బయటికొచ్చింది గదా." ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళు బతికాను.

ఇక ఖానాపూర్. చర్చి పక్క హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, పూలదండలో ఆమె ఫొటో. రిటైరయ్యాక ఆమె అక్కడే తమ్ముడి ఇంట్లో ఉంది, అక్కడే కన్నుమూసింది. మాట్లాడినవాళ్ళంతా మంచివాళ్ళే. ఆమె ఒక్క రోజు లేటుగా రాలేదన్నారు. పాటలు బాగా పాడేదన్నారు. చేతిరాత! చేతిరాత గురించి నలుగురు మాట్లాడారు. ఆమె తలలో ఏముండేదో ఒక్కరూ అనలేదు. చివరికి మా పాత ప్రిన్సిపాల్ చేతికర్రతో లేచాడు. "మన నర్సింగరావు సార్ నక్షత్రాల మీద పరిశోధన చేసిన రోజులల్ల, మార్తమ్మ ఆయనకు ఫెయిర్ కాపీ రాసిచ్చింది. ఎంత ముద్దుగ రాసిందో!" అన్నాడు. అందరూ తలలూపారు.

నేను లేచాను. మైకు లాక్కుని, "ఫెయిర్ కాపీ కాదు, ఆ లెక్కే ఆమెది!" అని గర్జించాను. హాలు దద్దరిల్లింది.

గీత కొట్టండి. లేచిన మాట నిజం. మైకు వాళ్ళే ఇచ్చారు. "మార్త మేడం చేసిన సహాయం మరువలేనిది" అన్నాను. కూర్చున్నాను.

టీ తాగేటప్పుడు ఆమె మేనకోడలు సుగుణ నా దగ్గరికి వచ్చింది. కరీంనగర్‌లో ఆసుపత్రి నర్సు, అత్త చూపే వచ్చింది, మనిషిని కాదు, లెక్కను చూస్తున్నట్టు చూస్తుంది. "అత్త పెట్టెల మీ పుస్తకం ఉన్నది సార్" అని ఆ సంపుటి చేతిలో పెట్టింది. ఏడో పేజీలో ప్లస్ మీద ఒక గీత, పక్కన ఎర్ర సిరాతో మైనస్. ఇంకో మూడు చోట్ల గీతలు. హనుమకొండ కార్డుకు కూడా దొరకని తప్పులు ఆమెకు దొరికాయి. మొదటి పేజీ తిప్పాను. నా పేరు మీద గీత లేదు. పక్కన ఏమీ లేదు. 'క్షమించింది, అందుకే ముట్టుకోలేదు' అనుకున్నాను. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. సుగుణకు రాలేదు. పుస్తకం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ చీటీ ఇంకా నా దగ్గరే ఉంది. పాత లాగరిథమ్ టేబుల్స్ పుస్తకంలో, అంచు చెక్కు చెదరకుండా. కోడింగ్ చేసినవాడికి చీటీ పారేయడానికి చెయ్యి రాదు. పేరు తిరిగి కలపకుండా ఆగిపోయిన పత్రం నా సర్వీసు మొత్తంలో అదొక్కటే. కూడిక నుంచి వచ్చాక దాన్ని బల్ల మీద పెట్టుకుని యూనివర్సిటీకి ఉత్తరం రాశాను. పేపరు నాది కాదని, రాసింది కె. మార్త అని, సంపుటి ఉన్న ప్రతి చోటా నా పేరు మీద గీత కొట్టి పక్కన ఆమె పేరు రాయమని. రిజిస్టర్ పోస్టు చేశాను. రసీదు ఉంది, ఈసారి అనుమానించకండి. పెద్దపల్లి కాలేజీ వాళ్ళను కూడా అడిగాను. శాలువా కప్పిన ఆ హాల్లోనే, పిల్లల ముందు, ఇదంతా చదువుతానన్నాను. వచ్చే సోమవారం రమ్మన్నారు.

చదివే ముందు ఒకసారి చూడమని సుగుణకు ఇచ్చాను. డ్యూటీ అయ్యాక ఆసుపత్రి ముందు బెంచీ మీద కూర్చుని చివరిదాకా చదివింది. ఒక చోట మాత్రం వేలు పెట్టి ఆగింది. పెన్ను అడిగి తీసుకుని, "పర్వాలేదు సార్" అన్న వాక్యం మీద ఒక గీత కొట్టింది. పక్కన ఏమీ రాయలేదు.

"గిది అబద్ధం సార్. మా అత్త మీకు పర్వాలేదు అనలే."

"అన్నదమ్మా, వరండాలో..."

"అనలే. మీరు ఎదురువడితే నమస్తే పెట్టి తల దించుకొని పోయిన్రట. మా అత్త ఆ వారమే ఊరికొచ్చి మా బాపుకు చెప్పింది."

"ఏమని చెప్పింది?"

సుగుణ పెన్ను మూత పెట్టి నా చేతికిచ్చింది.

"'సారు మంచోడే, రేపు గదే హాల్ల దిద్దుతడు' అన్నది. రిటైరయ్యేదాకా గదే అన్నది."